‘పచ్చి’కి వ్యతిరేకం ఏది? తెలుగు ఉపాధ్యాయుల శిక్షణ తరగతిలో ప్రసంగ పాఠం

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న తెలుగు ఉపాధ్యాయులకు నమస్కారం. ఈ శిక్షణ తరగతుల్లో నాకు అప్పగించిన అంశం వ్యతిరేక పదాల బోధన. వినగానే ఇది చాలా చిన్న విషయంగా తోస్తుంది. నల్లబల్ల మీద ఒక పదం, దాని పక్కన గుణకారం గుర్తు, ఆ పక్కన మరో పదం రాస్తే పిల్లలు నోటు పుస్తకంలోకి ఎక్కించుకుంటారు, మరునాడు అప్పజెబుతారు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఉద్యోగంలో చేరిన మొదటి సంవత్సరాల్లో నేనూ అలాగే చెప్పాను. ఆ పద్ధతి నా చేత ఒక తప్పు చేయించింది కాబట్టి ముందుగా ఆ సంగతి చెప్పి, తరువాత విషయంలోకి వస్తాను.

ఐదవ తరగతికి ఒక పరీక్ష పెట్టాను. వ్యతిరేక పదాలు రాయమన్న ప్రశ్నలో ‘పచ్చి’ అనే మాట ఇచ్చాను. నేను రాసి పెట్టుకున్న జవాబు ‘పండు’. మామిడికాయను మనసులో పెట్టుకుని అనుకున్న జవాబు అది. ఒక అమ్మాయి ‘ఎండు’ అని రాసింది, ఒక అబ్బాయి ‘కాల్చిన’ అని రాశాడు. ఇద్దరికీ ఎర్ర సిరాతో తప్పు పెట్టాను. కాగితాలు తిరిగి ఇచ్చిన రోజు ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చి, “మాస్టారూ, పచ్చి కట్టెలు మండవు, ఎండువి ఏరుకురమ్మని మా అమ్మ రోజూ చెబుతుందండీ” అన్నది. ఆ పిల్ల మాటకు నా దగ్గర సమాధానం లేదు. అబ్బాయి మాత్రం ఏమీ అడగలేదు. వాళ్ల నాన్న ఇటుక బట్టీలో పని చేస్తాడని నాకు తరువాత తెలిసింది. అచ్చులోంచి తీసి ఆరబెట్టిన ఇటుకను బట్టీలో పేర్చి కాల్చేదాకా అక్కడి వాళ్లు పచ్చి ఇటుక అనే అంటారు. దానికి ఎదురు మాట కాల్చిన ఇటుకే. ఇద్దరి మార్కులూ మరునాడు దిద్దాను. అయినా ఆ ఒక్క రోజు ఆ అబ్బాయి తన ఇంట్లో మాట్లాడే తెలుగు తప్పు తెలుగని అనుకుని ఉంటాడన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ తరువాత నేను ‘పచ్చి’ వెంట పడ్డాను. పచ్చి పాలకు ఎదురు కాచిన పాలు. పచ్చి కూరకు ఎదురు వండిన కూర, లేదా ఉడికిన కూర. పచ్చి గాయానికి ఎదురు మానిన గాయం. పచ్చి గోడకు ఎదురు ఆరిన గోడ. మిరపకాయ దగ్గరికి వస్తే ఒకే వస్తువుకు మూడు దశలు కనిపిస్తాయి: పచ్చి మిరప, పండు మిరప, ఎండు మిరప. అంటే నేను సరి అనుకున్న జవాబూ, తప్పు పెట్టిన జవాబూ ఒకే చెట్టు కాయలో కలిసి ఉన్నాయి. ఇక పచ్చి అబద్ధం అన్నప్పుడు ఎదురు మాటే లేదు, ఎందుకంటే అక్కడ పచ్చి అన్నది స్థితిని చెప్పడం లేదు, అబద్ధానికి బలం పెంచుతున్నది. అందుకే మనం పచ్చి నిజం అని కూడా అనగలుగుతున్నాం. ఇన్ని దారుల్లో నడిచే మాటను ఒంటరిగా బల్ల మీద నిలబెట్టి దీనికి వ్యతిరేకం ఏదని అడగడం పిల్లలకు అన్యాయం.

కాబట్టి ఈ రోజు నేను మీ ముందు పెట్టదలచిన మాట ఒక్కటే. వ్యతిరేకార్థం పదానికి పుట్టుకతో వచ్చేది కాదు, ఆ పదం నిలబడిన వాక్యం దానికి ఇస్తుంది. అందువల్ల ‘దీనికి వ్యతిరేక పదం ఏమిటి’ అన్న ప్రశ్న కంటే ముందు ‘ఏ వాక్యంలో’ అన్న ప్రశ్న పిల్లల నోట రావాలి. ఆ ప్రశ్న అడగడం అలవాటైన విద్యార్థికి అర్థాన్ని తూచే శక్తి దానంతట అదే వస్తుందని నా అనుభవం.

ఇంటి మాటలతో మొదలుపెడితే ఇది మూడవ తరగతి పిల్లలకు కూడా సులువుగా అందుతుంది. ‘పలుచన’ తీసుకోండి. పలుచని మజ్జిగకు ఎదురు చిక్కని మజ్జిగ, పలుచని బట్టకు ఎదురు దళసరి బట్ట, పలుచని జుట్టుకు ఎదురు ఒత్తైన జుట్టు. మనిషి నలుగురిలో పలుచనయ్యాడంటే దానికి ఎదురు గౌరవం దక్కించుకోవడం. ‘లేత’ మాత్రం మనకు పని తగ్గిస్తుంది: లేత బెండకాయకూ, లేత రంగుకూ, లేత పాకానికీ ‘ముదురు’ అన్న ఒక్క మాటే సరిపోతుంది. ఈ రెండు మాటలను ఒకే రోజు పక్కపక్కన పెట్టి చూపించండి. కొన్ని మాటలు ఎక్కడికి వెళ్లినా ఒకే జోడీని వెంట తీసుకెళతాయనీ, కొన్ని ఊరు మారినప్పుడల్లా జోడీని మారుస్తాయనీ పిల్లలు వాళ్లంతట వాళ్లే కనిపెడతారు. వాళ్లు కనిపెట్టినదాన్ని మనం మళ్లీ సూత్రంగా చెప్పనక్కరలేదు.

పై తరగతుల్లో ఇదే పనిని వేరే పాఠ్యాంశాలతో కలిపి చేయవచ్చు. భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు వ్యాకోచానికి వ్యతిరేకం సంకోచం అని చెబుతాడు. వేడి చేస్తే లోహం వ్యాకోచిస్తుంది, చల్లబరిస్తే సంకోచిస్తుంది. మరుసటి గంటలో మనం తెలుగు చెబుతూ సంకోచానికి వ్యతిరేకం నిస్సంకోచం అంటాం. ఇద్దరి మాటా నిజమే. ఒకటి లోహం కుంచించుకుపోవడం, మరొకటి మనిషి వెనకాడడం. రెండింటికీ మూలంలో ఉన్న ‘ముడుచుకోవడం’ అనే అర్థాన్ని చూపిస్తే పిల్లల ముఖాలు వెలుగుతాయి. అలాగే గణితంలో ధన సంఖ్యకు ఎదురు ఋణ సంఖ్య, విద్యుత్తులో ధనావేశానికి ఎదురు ఋణావేశం, జీవితంలో ధనం ఉన్నవాడికి ఎదురు పేదవాడు. ఋణం అంటే అప్పు కదా, అప్పుకూ తీసివేత గుర్తుకూ సంబంధం ఏమిటని ఒక విద్యార్థి అడిగితే, ఆ రోజు మన పాఠమూ లెక్కల మాస్టారి పాఠమూ ఒకటైనట్టే.

‘ఉత్తరం’ అన్న మాటకు నేను ఒక పూర్తి గంట కేటాయిస్తాను. దిక్కు అయితే దక్షిణం. ప్రశ్నోత్తరాలు అన్నప్పుడు ప్రశ్నకు ఎదురుగా నిలిచేది ఉత్తరమే. పూర్వార్ధం, ఉత్తరార్ధం అన్నప్పుడు దాని జోడీ పూర్వం. తపాలాలో వచ్చే ఉత్తరానికి ఎదురు మాట లేదు, దానికి ప్రత్యుత్తరం మాత్రమే ఉంటుంది, అది వ్యతిరేకం కాదు. ఇక్కడ పిల్లలు మరో ముడి దగ్గర ఆగుతారు: పూర్వం అంటే తూర్పు కూడా కదా, దానికి పశ్చిమం కదా ఎదురు? అవును. ఒక మాట నుంచి మరో మాటకు ఇలా దారులు చీలుతూ పోతుంటే ఆ దారుల పటాన్ని పిల్లల చేతనే గీయించాలి.

ఇప్పుడు ఉపసర్గల సంగతి, అంటే మాట ముందు చేరి దాని అర్థాన్ని మార్చే చిన్న ముక్కల సంగతి. మన పాఠాల్లో ఎక్కువ సమయం దీనికే పోతుంది, ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి, కాబట్టి కొంచెం నిలిచి చూద్దాం. తత్సమ పదాలకు, అంటే సంస్కృతం నుంచి పెద్దగా మారకుండా వచ్చిన మాటలకు, వ్యతిరేకార్థం తెచ్చే మార్గాలు మీ అందరికీ తెలిసినవే. హల్లుతో మొదలయ్యే మాటకు ముందు ‘అ’ చేరి న్యాయం అన్యాయమవుతుంది, ధర్మం అధర్మమవుతుంది. అచ్చుతో మొదలయ్యే మాటకు ముందు ‘అన్’ చేరి ఆరోగ్యం అనారోగ్యమవుతుంది, అర్హత అనర్హత అవుతుంది, ఐక్యత అనైక్యత అవుతుంది. పై తరగతుల్లో నఞ్ తత్పురుష సమాసంగా చెప్పేది దీన్నే. సంస్కృత వ్యాకరణం లెక్కించే 22 ఉపసర్గల్లో నిర్, దుర్, అప, అవ, వి, ప్రతి వంటివి మనకు ఎక్కువగా పనికివస్తాయి: దోషి, నిర్దోషి, సద్వినియోగం, దుర్వినియోగం, కీర్తి, అపకీర్తి, లక్షణం, అవలక్షణం, సమం, విషమం, వాది, ప్రతివాది. ఇంతవరకు దారి చదునుగా ఉంటుంది.

ఈ చదును చూసి పిల్లలు పరుగు తీస్తారు, అక్కడే పడతారు. జయానికి ముందు ‘అప’ చేరిస్తే అపజయం వచ్చింది కదా అని హాస్యానికి వ్యతిరేకం అపహాస్యం అని రాస్తారు. అపహాస్యం హాస్యానికి వ్యతిరేకం కాదు, ఒకరిని నొప్పించే హాస్యం. ‘వి’ చేరిస్తే విజయం వస్తుంది. అది జయమే, ఇంకా గట్టి జయం. మూల్యం ముందు ‘అ’ చేరిస్తే వెల లేనిది, అంటే పనికిరానిది అని ఒక పిల్లవాడు రాశాడు. అమూల్యం అంటే వెల కట్టలేనంత గొప్పది. వెల లేకపోవడం చవకతనం వల్ల కావచ్చు, వెలకు అందకపోవడం వల్ల కావచ్చు. భాష రెండవదాన్ని ఎంచుకున్నది. అపారం, అనంతం, అసంఖ్యాకం కూడా ఇదే దారిలో నడిచాయి. లేదు అని చెబుతూనే ఎక్కువ అని చెప్పే ఈ మాటలను ఒకచోట చేర్చి చూపిస్తే, వ్యతిరేక ప్రత్యయం ఎప్పుడూ తగ్గించే పని చేస్తుందన్న భ్రమ తొలగిపోతుంది.

మరికొన్ని మాటలు తమ సగాన్ని ఎక్కడో వదిలేసి తెలుగులోకి వచ్చాయి. అమృతం అన్న మాటలో మృతి లేనిది అన్న అర్థం ఉన్నది, అయినా తెలుగులో అమృతానికి ఎదురు విషం. అదృష్టం అంటే కంటికి కనపడనిది, కానీ దాని వ్యతిరేకం దృష్టం కాదు, దురదృష్టం. అబద్ధంలో ‘బద్ధం’ ఉన్నది, కానీ మనం నిజాన్ని బద్ధం అనం. ఒప్పందానికి బద్ధులమై ఉంటాం, అది వేరే సంగతి. సులభం, దుర్లభం అన్నవి మొదట సులువుగా దొరికేది, కష్టం మీద దొరికేది అన్న జోడీ. సులభం తెలుగులో తేలికైన పని అన్న అర్థానికి జరిగింది, దుర్లభం ఉన్నచోటే ఉండిపోయింది. అందుకే లెక్క సులభం అన్నప్పుడు దానికి ఎదురు కష్టమే తప్ప దుర్లభం కాదు. ఆ కష్టం మళ్లీ కష్టసుఖాలు అన్నప్పుడు సుఖానికి ఎదురుగా వెళ్లి నిలుచుంటుంది.

మన భాష కూడా ఈ ఉపసర్గలతో స్వతంత్రంగా పని చేయించుకున్నది. నమ్మకం అచ్చ తెలుగు మాట, దాని ముందు సంస్కృతపు ‘అప’ను పెట్టి అపనమ్మకం అన్నాం. సంస్కృత నియమం ప్రకారం ఇష్టానికి అనిష్టమే రావాలి, అది కీడు అన్న అర్థంలో తెలుగులో ఉన్నది కూడా. అయినా మనసు లేకపోవడానికి తెలుగువాడు అయిష్టం అన్న మరో మాట చేసుకున్నాడు. అనిష్టం, అయిష్టం రెండింటినీ ఒకే వరుసలో సమాధానాలుగా రాయించకండి. ‘అయిష్టంగా ఒప్పుకున్నాడు’, ‘అనిష్టం జరిగింది’ అన్న రెండు వాక్యాలు చెప్పిస్తే చాలు, తేడా చెవికి తెలుస్తుంది.

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. అందులో ఆయన తెలుగు మాటలను తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు విధాలుగా విభజించిన సంగతి మనం పిల్లలకు చెబుతాం, కానీ ఆ విభజనను వ్యతిరేక పదాల దగ్గర వాడుకోం. వాడుకోవాలి. తత్సమాల్లో జననానికి మరణం, తెలుగు మాటల్లో పుట్టుకకు చావు. పుట్టుకకు ఎదురుగా మరణం అని రాసినవాడు అర్థంలో తప్పు చేయలేదు, అతనికి మార్కు ఇవ్వాల్సిందే; కానీ జంటగా పలికేటప్పుడు తెలుగువాడు జననమరణాలు అంటాడు, చావుపుట్టుకలు అంటాడు, రెండింటినీ కలపడు. చావుపుట్టుకల్లో చావు ముందుకు రావడం కూడా గమనింపజేయండి. కలిమిలేములు, ఎగుడుదిగుడు, హెచ్చుతగ్గులు, లాభనష్టాలు, జయాపజయాలు, గుణదోషాలు, రాకపోకలు అన్నప్పుడు ద్వంద్వ సమాసమూ వ్యతిరేకార్థమూ ఒకే పాఠమవుతాయి. వీటిని వేరు వేరు రోజుల్లో, వేరు వేరు శీర్షికల కింద చెప్పి సమయం ఎందుకు వృథా చేసుకోవాలి?

రాకపోకలు అన్నాను కాబట్టి ఒక చిన్న ముచ్చట. ‘వాన రాక కోసం రైతు ఎదురుచూశాడు.’ ‘వాన రాక పంట ఎండింది.’ మొదటి వాక్యంలో రాక అంటే రావడం, రెండవ వాక్యంలో రాక అంటే రాకపోవడం. అక్షరం మారలేదు, అర్థం తలకిందులైంది. ఒకటి నామవాచకం, రెండవది వ్యతిరేక క్త్వార్థకం, అంటే పని జరగలేదని చెప్పే అసమాపక క్రియ. వాక్యమే వ్యతిరేకార్థాన్ని నిర్ణయిస్తుందని చెప్పడానికి ఇంతకంటే చిన్న ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇది క్రియల దగ్గరికి తెస్తుంది. క్రియలోనే వ్యతిరేకాన్ని ఇముడ్చుకోవడం ద్రావిడ భాషల గొప్ప లక్షణం. చేస్తాను, చేయను, వస్తాడు, రాడు, తెలుసు, తెలియదు. వేరే మాట సాయం అక్కరలేదు. ఉంది అంటే లేదు, ఔను అంటే కాదు, కావాలి అంటే వద్దు: ఈ మూడు జోడీలూ బడికి రాకముందే పిల్లలకు వచ్చు. కానీ ‘వచ్చు’ దగ్గర పెద్ద పిల్లలు కూడా తడబడతారు. ‘నాకు ఈత వచ్చు’ అన్నదానికి ‘ఈత రాదు’. ‘మీరు లోపలికి రావచ్చు’ అన్నదానికి ‘రాకూడదు’. ‘సాయంత్రం వాన రావచ్చు’ అన్నదానికి ‘రాకపోవచ్చు’. వానను రాకూడదని శాసించే అధికారం మనకు లేదు కదా! సామర్థ్యం, అనుమతి, సంభావన అన్న మూడు భావాలను నిర్వచనాలతో చెబితే పిల్లలు నిద్రపోతారు, ఈ మూడు వాక్యాలను తిప్పి చెప్పిస్తే మెలకువగా నేర్చుకుంటారు.

వ్యతిరేక వాక్యం, వ్యతిరేక పదం ఒకటేనన్న అపోహ మన తరగతుల్లో గట్టిగా ఉన్నది. ‘అతడు పొడవు కాదు’ అంటే ‘అతడు పొట్టి’ అని అర్థం కాదు. మధ్యస్థంగా ఉన్నవాళ్లే లోకంలో ఎక్కువ. ‘నీళ్లు వేడిగా లేవు’ అంటే చల్లగా ఉన్నాయని కాదు, గోరువెచ్చగా ఉండవచ్చు. సజీవం కాకపోతే నిర్జీవమే, మధ్యలో మెట్టు లేదు. వేడికీ చల్లదనానికీ మధ్య మాత్రం చాలా మెట్లున్నాయి. దీనికి నేను తరగతిలో ఒక తాడు కట్టించేవాణ్ణి. ఒక చివర ‘సలసల కాగే’ అన్న అట్ట పట్టుకుని ఒకరు, మరో చివర ‘గడ్డకట్టిన’ అన్న అట్టతో ఇంకొకరు నిలబడతారు. ‘వేడి’, ‘వెచ్చని’, ‘గోరువెచ్చని’, ‘చల్లని’ అన్న అట్టలు చేతికి వచ్చినవాళ్లు తాడు పొడవునా తమ చోటు తామే వెతుక్కుని నిలబడాలి. ‘వెచ్చని’ ఎక్కడ నిలబడాలన్నదాని మీద జరిగే వాదులాటే ఆ రోజు పాఠం. ఉపాధ్యాయుడు అక్కడ తీర్పు చెప్పడానికి తొందరపడకూడదు.

కొన్ని జోడీలు అసలు పోట్లాడుకునేవే కావు, ఒకే పనిని రెండు వైపుల నుంచి చూసేవి. నేను కొన్నానంటే ఎవరో అమ్మినట్టే. గురువు లేకుండా శిష్యుడు లేడు, అత్త లేకుండా కోడలు లేదు. ఇచ్చిపుచ్చుకోవడం అన్న మాటలోనే ఆ సంగతి ఉన్నది. రాజుకు వ్యతిరేకం రాణి అనీ, ఎద్దుకు వ్యతిరేకం ఆవు అనీ రాసే పిల్లలు ఈ వరుసలో కొంత దూరం వచ్చి దారి తప్పినవాళ్లు. అది లింగభేదమని మెల్లగా చెప్పాలి. కోస్తాలో సార్వా పంటకు దాళ్వా పంట, తెలంగాణలో వానాకాలానికి యాసంగి కూడా అంతే. అవి జతలు, వ్యతిరేకాలు కావు.

చిన్న తరగతుల్లో నోటితో చెప్పించడం కంటే చేతులతో చేయించడం మేలు. ఎక్కు, దిగు, ముడి వేయి, విప్పు, నింపు, ఒంపు. ఇక్కడ తెలుగు ఎంత సూక్ష్మంగా ఉంటుందో చూడండి. పుస్తకం తెరుస్తాం, మూస్తాం. దుకాణం తెరుస్తాం, కట్టేస్తాం. గొడుగు విప్పుతాం, ముడుస్తాం. తలుపు తీస్తాం, వేస్తాం. తలుపు వేస్తే మూసుకుంటుంది, లైటు వేస్తే వెలుగుతుంది. తలుపు తీస్తే దారి తెరుచుకుంటుంది, లైటు తీసేస్తే చీకటవుతుంది. తీయడం, వేయడం అన్న జోడీ అలాగే ఉన్నది, అది చేసే పని మాత్రం తిరగబడింది. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో వారాంతాల్లో తెలుగు నేర్చుకునే మన పిల్లలకు ఈ చోట చాలా ఓపికగా చెప్పాలి. ఇంగ్లీషులో ‘ఓల్డ్’ అన్న ఒక్క మాటకు తెలుగులో వస్తువైతే పాత, మనిషైతే ముసలి. ‘మా తాతయ్య చాలా పాత’ అని ఒక పసివాడు అన్నాడంటే వాడికి పదం రాక కాదు, జోడీ తెలియక. పాతకు ఎదురు కొత్త, ముసలికి ఎదురు పడుచు అని రెండు జోడీలుగా నేర్పితే ఆ తప్పు మళ్లీ రాదు. కారానికీ వేడికీ మధ్య వాళ్లు పడే తికమక కూడా ఇలాగే తీరుతుంది: వేడికి ఎదురు చల్లన, కారానికి ఎదురు చప్పన.

ఇంటి మాట, ఊరి మాట బడిలో తప్పు కాకూడదు. తెలంగాణ విద్యార్థి సన్న బియ్యానికి ఎదురు దొడ్డు బియ్యం అని రాస్తాడు, సీదాకు ఎదురు ఉల్టా అంటాడు. కోస్తా, రాయలసీమ పిల్లలు మెట్టకు మాగాణి రాస్తే, తెలంగాణ రైతు బిడ్డ చెలకకు తరి రాస్తుంది. ఇవన్నీ నీరు పారే నేలకూ పారని నేలకూ మనవాళ్లు తరతరాలుగా పెట్టుకున్న పేర్లు. పాఠ్యపుస్తకం వెనుక పట్టికలో లేవన్న కారణంతో వీటిని కొట్టివేస్తే, పిల్లవాడి దగ్గర ఉన్న జోడీని లాక్కుని మనం ఖాళీ చేతులతో పంపినట్టు. ఆ పట్టిక మాటను కూడా నేర్పండి, ఇంటి మాట పక్కనే నేర్పండి.

ఇళ్లలో వ్యతిరేకాన్ని దాచిపెట్టే మాటలు కూడా ఉన్నాయి. డబ్బాలో ఉప్పు అయిపోతే మన అమ్మలు లేదు అనరు, ఉప్పు నిండుకుంది అంటారు. మంగళసూత్రం తెగితే పెరిగింది అంటారు. దీపం ఆరితే కొండెక్కింది అంటారు. బయలుదేరేవాళ్లు వెళతాను అనకుండా వెళ్లొస్తాను అంటారు. లేమిని నిండుదనంతో, తెగడాన్ని పెరగడంతో, పోవడాన్ని రావడంతో చెప్పే ఈ పద్ధతి వెనుక ఇంటి మేలు కోరే మనసు ఉన్నది. ఎనిమిదవ తరగతి పిల్లలను వాళ్ల అమ్మమ్మలనూ నానమ్మలనూ అడిగి ఇలాంటి మాటలు రాసుకురమ్మని పంపండి. నేను పంపినప్పుడు వచ్చిన కాగితాలు ఏ పుస్తకంలోనూ దొరకనివి. నిండుకోవడం అన్న మాటను ఇప్పటి పిల్లలు కొందరు నిండిపోవడంగా అర్థం చేసుకుంటున్నారు, ఆ ఒక్క కారణానికైనా ఈ పని చేయించాలి.

గుర్తించడం సగం పని, ప్రయోగించడం మిగతా సగం. సామెతలు ఇందుకు బాగా సహకరిస్తాయి. ‘పైన పటారం, లోన లొటారం’ అన్న సామెత చెప్పి, పైనకు వ్యతిరేకం ఏదని అడగండి. కింద అని అలవాటుగా చెప్పబోయిన పిల్లలు ఆగి, ఇక్కడ లోన అని సరిదిద్దుకుంటారు. ‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత’లో జోడీ ఇల్లూ బయటా. ‘కలిమిలేములు కావడికుండలు’ అన్న సామెతలో కావడి బద్దకు రెండు చివర్లా వేలాడే కుండలను బొమ్మ గీసి చూపిస్తే, వ్యతిరేక పదాలు ఒకదాన్ని ఒకటి ఎలా తూకం వేస్తాయో కంటికి కనిపిస్తుంది. ‘తన కోపమె తన శత్రువు’ అన్న సుమతీ శతక పద్యం పిల్లలకు ఎలాగూ నోటికి వచ్చు. అందులో కోపానికి శాంతం, సంతోషానికి దుఃఖం, స్వర్గానికి నరకం వరుసగా ఎదురు నిలుస్తాయి, శత్రువుకు ఎదురుగా మాత్రం మిత్రుడు కనిపించడు, రక్ష కనిపిస్తుంది, దయ చుట్టమై కనిపిస్తుంది. శత్రువుకు మిత్రుడే వ్యతిరేకమని నేర్చుకున్న విద్యార్థికి, కవి ఆ చోట మరో మాట ఎందుకు పెట్టాడో ఆలోచించే అవకాశం దొరుకుతుంది. ఉగాది తరువాత వారంలో అయితే పంచాంగం తీసుకురమ్మనండి. రాశి ఫలాల పట్టికలో ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అంకెలతో సహా ఉంటాయి. రాజపూజ్యం ఎక్కువ, అవమానం తక్కువ ఉన్న రాశివాళ్లు సంబరపడుతూనే నాలుగు పదాలు నేర్చుకుంటారు.

రాతలో ప్రయోగం చేయించేటప్పుడు, వ్యతిరేక పదాలతో సొంత వాక్యాలు రాయమని ఊరుకుంటే పిల్లలు ‘రాముడు మంచివాడు, రావణుడు చెడ్డవాడు’ అని రాసి ముగిస్తారు. బదులుగా ఒక చిన్న పేరా ఇచ్చి, అందులోని వాతావరణాన్ని మార్చమనండి. తెల్లవారుజామున కళకళలాడే సంత పేరాను, పొద్దుగూకాక బోసిపోయిన సంతగా తిరగరాయమంటే, సందడికి ఎదురు ఏ మాట పెట్టాలి, నిండిన గంపకు ఏది, ఎక్కే బండికి ఏది అని ప్రతి పదం దగ్గరా వెతుక్కుంటారు. కొన్ని పదాలు మార్చనక్కరలేదని కూడా అప్పుడే తెలుస్తుంది. మార్కులు వేసేటప్పుడు నేను పాటించే నియమం ఒకటి ఉన్నది: నా జవాబుతో కలవని మాట కనిపిస్తే, ఆ మాట ఏ వాక్యంలో సరిపోతుందో ముందు నేను వెతుకుతాను, దొరకకపోతే విద్యార్థిని పిలిచి వాక్యం చెప్పమంటాను, ఆ వాక్యం కూడా నిలవకపోతేనే తప్పు పెడతాను. అరవై మంది ఉన్న తరగతిలో ఇది భారమేనని తెలుసు. అందుకే ప్రశ్నను ఇచ్చేటప్పుడే వాక్యంలో పెట్టి, ఆ పదం కింద గీత గీసి ఇవ్వండి. భారం చాలావరకు తగ్గుతుంది.

మీ అందరి ముందూ ఒక తెల్ల కాగితం ఉన్నది. దాని మీద ‘చల్లని’, ‘గట్టి’, ‘కోత’ అన్న మూడు మాటలు రాసుకోండి. ఒక్కొక్క మాటను మీ ఊళ్లో, మీ ఇంట్లో పలికే మూడేసి వాక్యాల్లో పెట్టండి, ఆ తరువాతే దాని ఎదురు మాట రాయండి. ఎదురు మాట లేని వాక్యం దొరికితే దాన్ని కూడా వదలకుండా రాయండి. పావుగంట తరువాత శ్రీకాకుళం నుంచి వచ్చినవారు మొదట చదువుతారు, ఆపైన ఆదిలాబాదు వారు, తరువాత అనంతపురం వారు. ‘కోత’కు ఎవరు ఏం రాస్తారో వినాలని నాకు చాలా ఆతురతగా ఉన్నది.